పొడుగు కాలి నక్షత్రం

పండక్కి ఇల్లు ముస్తాబు చెయ్యాలంటే చేతినిండా డబ్బుండాలనే వాళ్ళతో నాకు అసలు పడదు. ఉండాల్సింది డబ్బు కాదు, దేన్నీ పారెయ్యలేని బుద్ధి. అది నాకు కావాల్సినంత ఉంది. మా ఆయన దాన్ని జబ్బంటాడు. అనుకోనీ. ఆ జబ్బే లేకపోతే మా ఇంటికి ఏ పండగా వచ్చినట్టు తెలిసేది కాదు.

నేను జాకెట్లు కుడతాను. బిట్రగుంటకీ సముద్రానికీ మధ్య ఉన్న మా ఊళ్ళో ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల గుంటలు. రెండు పక్కల ఆడవాళ్ళకీ జాకెట్లు కావాలి. కుట్టగా మిగిలిన ముక్కల్ని ఎవరూ వెనక్కి అడగరు. పట్టు ముక్కలు ఒక సంచిలో, నూలు ముక్కలు ఒక సంచిలో, లైనింగు ముక్కలు ఇంకో సంచిలో పడేస్తాను. వాటిని మూడు మూలలుగా కత్తిరించి, ఒక నాడా మీద వరసగా పెట్టి మిషను మీద ఒక్క కుట్టు లాగితే గుమ్మానికి తోరణం అయిపోతుంది. ఎదురింటి అక్క ఉగాదికి మామిడాకులు కడుతుంది, నేను క్రిస్మసుకి గుడ్డాకులు కడతాను. నావి వాడవు, రాలవు, పండగయ్యాక ఉతికి మడత పెట్టుకోవచ్చు.

పెళ్ళి పత్రికలు కూడా దాస్తాను. జాకెట్లు కుట్టేదాన్ని పిలవకుండా మా ఊళ్ళో ఎవరూ పెళ్ళి చెయ్యరు కాబట్టి వాటికి కొదవ లేదు. బంగారు రంగు అంచులు కత్తిరించి గొలుసులు చేసి గోడకి వేలాడదీస్తాను. పైన ఉండే వినాయకుణ్ణి చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి ఎదురింటి అక్కకి ఇస్తాను. వాళ్ళది వ్యవసాయం, దేవుడి పటాలకి తక్కువ లేని ఇల్లు. అయినా ఆ వినాయకుల్ని బియ్యం డబ్బా మీదా, బీరువా మీదా, చివరికి ఫ్రిజ్జు మీదా అంటించింది. "మే, మీ ఏసయ్య పండక్కి మా ఇంటినిండా వినాయకులొచ్చినారు గదా" అని నవ్వుతుంది.

చెట్టుకి సరుగుడు కొమ్మ. తోటలు కొట్టేటప్పుడు ఒక కొమ్మ అడిగితే కాదనేవాళ్ళు లేరు. నూనె డబ్బాలో ఇసుక పోసి కొమ్మ నిలబెట్టి, పైన దూది పెడతాం. దూదంటే మంచు అన్నమాట. మా ఊళ్ళో మంచు చూసినవాళ్ళు ఒక్కరు లేరు, దూది పెట్టని ఇల్లూ ఒక్కటి లేదు.

ఇక లైట్లు. అక్క వాళ్ళకీ మాకూ కలిపి ఒకటే సీరియల్ సెట్టు. వినాయకచవితికి వాళ్ళ పాలవెల్లి చుట్టూ వెలుగుతుంది, దీపావళికి వాళ్ళ పిట్టగోడ మీద వెలుగుతుంది, డిసెంబరు రాగానే రోడ్డు దాటి మా ఇంటికి వస్తుంది. పెద్ద పండక్కి మళ్ళీ రోడ్డు దాటి పోతుంది. మొదట కొన్నది ఎవరనే దాని మీద మా ఇద్దరికీ ఇప్పటికీ తగాదా ఉంది. కొన్నది నేనే.

ఇవన్నీ నా శాఖ. నక్షత్రం మాత్రం నాది కాదు. అది మా మామ శాఖ, అందులో ఎవరూ వేలు పెట్టడానికి లేదు.

మామ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మనిషి సరదా మనిషి, గొంతు పెద్దది. డిసెంబరు నెల పడగానే వెదురు గడ ఒకటి ఎక్కణ్ణుంచో మోసుకొచ్చి, ఇంటి వెనక కొట్టంలోకి పోయి తలుపు వేసుకునేవాడు. నక్షత్రాన్ని కట్టేటప్పుడు ఎవరూ చూడకూడదు. చూస్తే వంకర పోతుందని వీధి పిల్లల్ని బెదిరించేవాడు. పిల్లల్నే కాదు, నన్ను కూడా. ఆ కొట్టంలోకి మా అత్త ఒక్కతే పోయేది. మైదా బంక గిన్నె పట్టుకుని పోతుంది, టీ పట్టుకుని పోతుంది, పోతే ఒక పట్టాన రాదు. నేను మిషను ముందు కూర్చుని, ముసలాళ్ళకి ఇప్పుడు కబుర్లు ఎక్కువయ్యాయి అనుకునేదాన్ని.

తర్వాత ఒక శనివారం సాయంత్రం తలుపు తెరుచుకునేది. ఎర్ర కాగితం, పసుపు కాగితం అంటించిన అయిదు కాళ్ళ నక్షత్రం, లోపల బల్బు. అత్త కింద నిచ్చెన పట్టుకుంటే మామ ఎక్కి, ఇంటి పైన నిలబెట్టిన వాసానికి తగిలించేవాడు. స్విచ్చి వెయ్యగానే వీధి వీధంతా తలెత్తి చూసేది. "పెద్దాయనా, బలే కట్టినావయ్యా!" అనేవాళ్ళు. మామ నిచ్చెన మీదే నిలబడి మీసం సర్దుకునేవాడు. ఆ మెప్పుకోలు అయ్యేదాకా దిగేవాడు కాదు. కింద అత్త చేతులు నొప్పెట్టి, "ఇంక దిగయ్యా సామీ, దిగు" అని మొత్తుకునేది.

ఆ నక్షత్రంలో ఒక లోపం ఉండేది. ఎడం పక్క కింది కాలు మిగతా వాటికన్నా పొడుగు. ఏ ఏడు చూసినా అంతే. చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే జాకెట్టు మొత్తం విప్పే రకాన్ని నేను. ఆ కాలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. "మామా, నా టేపు ఇస్తా, కొలుచుకో" అని ఎన్నిసార్లు అడిగానో. "నా జానే నా టేపు" అనేవాడు. జాన కొలతలో చివరికి వచ్చేసరికి ఎక్కడో లెక్క తప్పేది, అయినా ఒప్పుకునేవాడు కాదు. చివరికి ఊరంతా దానికే అలవాటు పడింది. ఎవరైనా కొత్తవాళ్ళు మా ఇల్లు అడిగితే, పొడుగు కాలి నక్షత్రం కట్టే ఇల్లు అని చెప్పేవాళ్ళు. జూన్‌లో అడిగినా అదే చెప్పేవాళ్ళు.

పోయినేడు వానలు మొదలవక ముందే మామ పోయాడు. జ్వరమని పడుకున్నాడు, లేవలేదు. ఆ సంగతి ఇక్కడ ఎక్కువ రాయను. గొంతు పెద్ద మనిషి పోతే ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంది మా ఇల్లు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ పాటిస్తారు. చావు జరిగిన ఇంటికి ఆ ఏడు నక్షత్రం కట్టరు. కేరల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు ఆ ఇంటి ముందుకు రాగానే డోలు ఆపేస్తారు, గేటు బయటే నిలబడతారు, సంఘపెద్ద చిన్న ప్రార్థన చేస్తాడు. పాడకుండా పక్కింటికి పోతారు. మేం కూడా ఎన్నో ఇళ్ళ ముందు అలా నిలబడి వచ్చిన వాళ్ళమే. తప్పని ఎప్పుడూ అనిపించలేదు.

అత్త సంగతే నాకు దిగులుగా ఉండేది. ఆమెకి చూపు సరిగ్గా లేదు. ఒక కంటికి ఆపరేషన్ అయినా మసక మసకగానే కనిపిస్తుంది, రెండోది ఇంకా అధ్వానం. మామ పోయాక మాట తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. పలకరించడానికి వచ్చిన వాళ్ళు వసారాలో కూర్చుని, కాసేపు మామ మంచితనం చెప్పుకుని, చివరికి అందరూ ఒకే మాట అనేవాళ్ళు. "ఇంక ఆ నక్షత్రం ఎవరు కడతారమ్మా? ఆయనతోనే పోయింది." ఆ మాట వినగానే అత్త లేచి లోపలికి పోయేది. దుఃఖం ఆపుకోలేక పోతోందని వచ్చిన వాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకుని, నక్షత్రం మాట ఎత్తొద్దని వాళ్ళకి సైగ చేసేదాన్ని.

డిసెంబరు వచ్చింది. లైట్ల సెట్టు రోడ్డు దాటలేదు. అక్క కనబడితే చూపు పక్కకి తిప్పుకుంది. ఏం అడుగుతుంది పాపం, ఎలా అడుగుతుంది? మా ఆయన ఒకరోజు అన్నం తింటూ, "ఈ ఏడు ఏం వద్దులే. తోరణాలు కూడా వద్దు. అమ్మ బాధపడతాది" అన్నాడు. సరేనన్నాను. అన్నాను గానీ లోపల ఉడికిపోయాను. ఏడాది పొడుగునా దాచిన సంచులు అటక మీద ఉన్నాయి. పైన మబ్బు, కింద బురద, గోడలు బోసిగా ఉన్నాయి, ఇంట్లో ముగ్గురం మూడు మూలల్లో కూర్చున్నాం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. పోయిన మనిషి మీద కూడా కొంచెం వచ్చింది.

అలా ఉండగా ఒక ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. మంచివాడే, మామకి తమ్ముడి లాంటివాడు, కాకపోతే ఏ మాటైనా ప్రసంగం లాగా చెబుతాడు. వసారాలో అత్త ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మనమంతా ఒక ఆలోచన చేసినాం. అన్న జ్ఞాపకంగా ఈ ఏడు కావలి నుంచి పెద్ద నక్షత్రం తెచ్చి గుడి మీద పెడతాం. నక్షత్రమంటే అన్నే గదా మన ఊరికి. అట్టాంటి పనిమంతుడు మళ్ళీ పుట్టడు."

నేను టీ ఇచ్చాను. ఆయన తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. గ్లాసు తియ్యడానికి వంగితే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మే, నేను కూడా చచ్చిపోయినానా?"

"అదేం మాట అత్తా!"

"మరేందే? నక్షత్రం కట్టినోడు పోయినాడంట, నక్షత్రం పోయినాదంట. కట్టినదాన్ని ఈడ కూసోనుండా గదా, నేను కనపడలా ఎవరికీ?"

నాకు అర్థం కాలేదు. బాధతో ఏదో అంటోందనుకున్నాను. అత్త రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళ కొసల్లో సన్నని గాట్లు, పాతవి, మానిపోయినవి. ఆ గాట్లు నేను ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను. చేపలు తోమి తోమి పడ్డాయని అనుకున్నాను. చేపలు తోమే ఇళ్ళు అన్నీను, ఎవరి వేళ్ళు చూసినా అలాగే ఉంటాయి.

"వెదురు కోసినాయి ఇవి" అంది అత్త. "మా పెళ్ళయిన మొదటి డిసెంబరులో మీ మామ కడదామని కూసున్నాడు. కట్టినాడు, విప్పినాడు, కట్టినాడు, విసిరి కొట్టినాడు. ఇట్టా తే అని నేను కట్టినా. ఆయన బద్దలు కోసేది, నేను కట్టేది, కాయితం నేను అతికించేది. ఎక్కి తగిలించినోణ్ణి చూసి ఊరంతా నువ్వే కట్టినావా అనింది. అవునన్నాడు. తమాషాకి అన్నాడు. మళ్ళా ఏడు కూడా అన్నాడు. తర్వాత్తర్వాత ఆయన కూడా నిజమే అనుకున్నాడేమో, ఎవరికి తెలుసు?"

"నువ్వు ఎట్టా ఊరుకున్నావు అత్తా?" అన్నాను. నేనైతే ఆ నిచ్చెన వదిలేసి ఉందును.

"ఆయన సంబరం చూసి ఊరుకున్నా. నిచ్చెన మీద చంటిబిడ్డ మాదిరి నిలబడేవాడు. ఉన్నన్నాళ్ళూ ఆ సంబరం ఆయనదే, కాదనలా. ఇప్పుడు ఆయన లేడు. నేనుండా. నాది నాకు ఇయ్యకుండా దాన్ని కూడా ఆయనతో పాటు పూడ్చిపెట్టినారు."

అంతే, ఏడ్చింది. మామ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. నేను పక్కన కూలబడి ఆమెతో పాటు ఏడ్చాను, మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ఎన్ని డిసెంబర్లు ఆ కొట్టం తలుపు వైపు చూసి ముసలాళ్ళ కబుర్లు అనుకున్నాను! బంక గిన్నె పట్టుకుని పోయింది ఆమె అయితే, బంక పూసింది ఆయన ఎలా అవుతాడు? ఊరు అడగలేదు సరే, ఇంట్లో ఉన్నదాన్ని, నాకైనా తట్టలేదు.

"ఈ ఏడు కడదాం అత్తా" అన్నాను.

"ఊరు ఊరుకోదు మే. నిన్నే అంటారు, కోడలికి మామ పోయినా పండగ కావల్సొచ్చిందని."

"అననీ. నా జాకెట్లు లేకపోతే వాళ్ళకి పండగే లేదు. నన్నేమంటారు?"

మా ఆయనకి చెప్పాను. నమ్మలేదు. అమ్మ దగ్గరికి పోయి అడిగాడు. ఆమె వేళ్ళు చూపించింది. ఆయన కాసేపు మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. "చిన్నప్పుడు తలుపు సందులోంచి చూద్దామని పోతే నాయన తరిమినాడు" అన్నాడు. తర్వాత, "అయినా సంవత్సరం తిరగలేదు. ఊరు ఏమనుకుంటాదో" అని గొణిగాడు.

"నువ్వు గడ తెచ్చి చీల్చు. అనుకునే వాళ్ళ సంగతి నేను చూసుకుంటా" అంది అత్త. ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన వెదురు గడ తెచ్చి బద్దలు చీల్చి ఇచ్చాడు. కొలిచి కొయ్యడం నా పని అన్నాను. అత్తకి చూపు ఆనదు కదా. నేను మహా సంతోషంగా టేపు తీసుకుని, సుద్దముక్కతో గీతలు పెట్టి, అన్నిటినీ ఒకే కొలతకి కోశాను. ఇన్నాళ్ళకి నా ఇంటి మీద తిన్నగా ఉండే నక్షత్రం చూస్తాను అనుకున్నాను. అలవాటు కొద్దీ కొట్టం తలుపు వెయ్యబోతే అత్త, "తెరిచిపెట్టు మే. చూసేవాళ్ళు చూడనీ" అంది.

ఆమె నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బద్దల్ని ఒక్కొక్కటిగా చేత్తో తడిమింది. మొత్తం తడిమి కొన్నిటిని పక్కకి నెట్టేసింది.

"ఇవి పనికిరావు. వీటి బదులు రెండంగుళాలు పొడుగ్గా కోసుకురా."

"ఎందుకత్తా? అన్నీ సమానంగా కోశాను, టేపుతో కొలిచాను. తిన్నగా వస్తుంది ఈసారి."

"నీ టేపు నీ జాకెట్లకి పెట్టుకో. ఎడం పక్క కింది కాలికి పడేవి పొడుగుండాల. కోసుకురా పో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మామ టేపు తీసుకోలేదు సరే, ఈమెకేమైంది? తగిలించేటప్పుడు బరువు సరిపోవడానికేమో, ముడి పడటానికేమో అనుకుని విసుక్కుంటూనే మళ్ళీ కోసిచ్చాను. నా సమానం బద్దల్ని మూలకి చేరవేశాను.

తర్వాత ఆమె కట్టడం చూశాను. వలలు అల్లే నైలాను దారం పళ్ళతో బిగించి, రెండు చుట్లు, ఒక ముడి, మళ్ళీ రెండు చుట్లు. కళ్ళు కొట్టం బయట ఎక్కడో ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఆగడం లేదు. రెండు నక్షత్రాలు విడివిడిగా కట్టి, కాళ్ళు ఐదూ ఐదుకి జత కలిపి, మధ్యలో పుల్లలు పెట్టి ఉబ్బించింది. మధ్యాహ్నాలు అలా గడిచాయి. అన్నం కూడా కొట్టంలోకే అడిగి తింది, అడిగి రెండోసారి పెట్టించుకుంది.

కాగితం నేను ఒప్పుకోలేదు. మా దగ్గర డిసెంబరంటే తుపాన్ల నెల. ప్రతి ఏడూ ఒక్క వానకి కాగితం కరిగి కారిపోవడం, ఈమె మళ్ళీ బంక గిన్నె పట్టుకుని పోవడం చూసినదాన్నే. అటక మీద సంచులు దింపి ఎర్ర లైనింగు ముక్కలు, పసుపు లైనింగు ముక్కలు జతచేసి కుట్టాను. దాని పైన, కొట్లో చీరలు పెట్టి ఇచ్చే ప్లాస్టిక్ కవర్లు కప్పి అంచులు బిగించాను. "గుడ్డ నక్షత్రమా? ఎవురైనా చూస్తే నవ్విపోతారు" అంది అత్త ముందు. తర్వాత చేత్తో నిమిరి, నిమిరి, "మెత్తగా ఉండాది" అంది. పైసా ఖర్చు కాలేదు. నాకు అదొక ఆనందం.

తెరిచి ఉన్న తలుపు చూసి ఎదురింటి అక్క వచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది.

"పెద్దమ్మా! నువ్వా కట్టేది?"

"నేనే."

"ఎప్పుడూ నువ్వేనా?"

"ఎప్పుడూ నేనే."

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మ పెద్దాయనా!" అని ఒక్కసారి పగలబడి నవ్వింది. అత్తకీ నవ్వొచ్చింది. అక్క ఇంటికి పరిగెత్తి లైట్ల సెట్టు తెచ్చి నా ఒడిలో పడేసింది. ఆమె నోట్లో మాట నిలవదని నాకు తెలుసు. గేటు దాకా పోయి, "అక్కా, ఈ సంగతి ఊళ్ళో చెప్పొద్దు. అది మా అత్త నోటి నుంచే రావాల" అని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు ఆమె ఎంత కష్టపడి నిలబెట్టుకుందో, రోజూ మా గుమ్మంలోకి వచ్చి నిలబడి వెళ్ళడం చూస్తే తెలిసేది.

కేరల్స్ రోజు పొద్దున్నుంచీ జల్లు పడుతూనే ఉంది. సాయంత్రానికి తెరిపిచ్చింది. అత్త మామూలు ప్రకారం నిచ్చెన పట్టుకోవడానికి వచ్చింది. నేను ఆమెను పక్కకి జరిపి నిచ్చెన పట్టుకున్నాను. మా ఆయన ఎక్కి తగిలించాడు. నిచ్చెన మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు, వెంటనే దిగి వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. స్విచ్చి వేశాం. లోపల గుడ్డ ఎర్రగా, పసుపుగా వెలిగింది, కవర్ల మీద నీటి బొట్లు మెరిశాయి. ఎడం పక్క కింది కాలు ఎప్పటిలాగే పొడుగ్గా ఉంది.

దీపాలు పెట్టే వేళకి డోలు చప్పుడు వినిపించింది. సంఘపెద్ద ముందు, వెనక పాటలవాళ్ళు, పిల్లలు. మా గేటు దగ్గరికి రాగానే పద్ధతి ప్రకారం డోలు ఆపారు. తలెత్తి చూశారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సంఘపెద్ద నా వైపు చూసి, "ఏందమ్మాయ్ ఇది? ఈ ఏడు కట్టకూడదు గదా" అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు అన్నాడు. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. అత్త వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పదేమో, ఈ ఏడు కూడా ఊరుకుంటుందేమో అని ఆమె వైపే చూశాను.

ఇంతలో వెనక నుంచి ఒకామె, "పొడుగు కాలు చూడండయ్యా, అది పెద్దాయన చేతి పనే. పోకముందే కట్టి పెట్టుకున్నట్టుండాడు" అంది.

అందరూ ఒక్కసారిగా అయ్యో అన్నారు. సంఘపెద్ద మొహం మారిపోయింది. కండువా కళ్ళకి అద్దుకున్నాడు. "అట్టాగా! అన్న కట్టిన ఆఖరి నక్షత్రమా ఇది! కట్టి తీరాల్సిందే అమ్మాయ్, మంచి పని చేసినారు" అని తలవంచి, చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, మా అన్న తన చేతులతో కట్టి మాకిచ్చి వెళ్ళిన ఈ నక్షత్రం కోసం..."

"ఆగయ్యా!" అంది అత్త.

ప్రార్థన మధ్యలో ఆపమన్నవాళ్ళు మా సంఘంలో ఇంతవరకూ లేరు. ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. అత్త కుర్చీ పట్టుకుని లేచింది. మా ఆయన పట్టుకోబోతే వద్దని నెట్టి, తడిమి తడిమి గేటు దాకా నడిచింది.

"దేవుడికి అబద్ధం చెప్పబాకయ్యా. అది ఆయన కట్టినది కాదు, నేను కట్టినా. ఈ ఏడూ నేనే, నిరుడూ నేనే, అంతకు ముందు అన్ని ఏళ్ళూ నేనే."

ఎదురు గుమ్మంలో నిలబడ్డ అక్క, "నేను చూసినా, నిజమే" అని గట్టిగా అరిచింది. పాపం, అన్నాళ్ళు ఆపుకుంది మరి.

సంఘపెద్ద నెమ్మదిగా చేతులు దించాడు. "మరి ఇన్నేళ్ళు చెప్పలేదే అక్కా?"

"మీరు అడిగినారా?"

ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే మనిషి, తల కిందికి వేసుకున్నాడు. "తప్పయింది అక్కా" అన్నాడు. ఆ మాట అందరికీ వినబడేలా అన్నాడు, అది ఆయన గొప్పతనం. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

డోలు మెళ్ళో వేసుకున్న మనిషి మా మామకి జతగాడు. ఇంకా పైకే చూస్తున్నాడు. "అక్కా, అన్నీ నువ్వే కట్టినావు, సరే, ఒప్పుకుంటా. నీ చెయ్యి అంత మంచిది గదా, మరి ఆ కాలు ఏ ఏడు చూసినా పొడుగు ఎందుకు పెట్టినావు?" అన్నాడు.

అత్త తల పైకెత్తింది. ఆమెకి అక్కడ ఒక ఎర్రని మసక తప్ప ఏమీ కనిపించదని నాకు తెలుసు. చెయ్యి మాత్రం సరిగ్గా ఎడం పక్క కిందికే చూపించింది.

"బద్దలు కోసేది ఆయన గదా. ఒక్క ఏడన్నా సరిగ్గా కోసినోడు కాదు" అంది. నా టేపు, నా సుద్దగీతలు, మూలకి చేరవేసిన నా సమానం బద్దలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు.

"కట్టింది నేను" అంది అత్త మళ్ళీ. "ఆ కాలొక్కటీ ఆయనది. ఉండనీ."